పొద మాగ్నోలియాను ఇంటి తోటలో పెంచడం ఎలా?

ఇంకా ఆకు కూడా వేయని బోడి కొమ్మల మీద అరచేతి నిండే పూలు ఒక్కసారిగా విచ్చుకుంటే తోట రూపమే మారిపోతుంది. మాగ్నోలియా మీద జనానికి అంత మోజు అందుకే. ఈ ప్రజాతిలో నాలుగు అంతస్తుల ఎత్తు పెరిగే చెట్లూ ఉన్నాయి, రెండు మూడు మీటర్ల దగ్గర ఆగిపోయే పొదలూ ఉన్నాయి. ఇంటి తోటకు పొదలే సరిపోతాయి కాబట్టి ఇక్కడ వాటి గురించే చెబుతాను. మనకు బాగా తెలిసిన సంపెంగ కూడా ఈ ప్రజాతిదే. ఒకప్పుడు దాన్ని మైఖేలియా అని విడిగా లెక్కపెట్టేవారు, తర్వాత మాగ్నోలియాలో కలిపారు.

పని మొదలుపెట్టే ముందు దీని వేళ్ల సంగతి తెలుసుకోవాలి. మాగ్నోలియా వేళ్లు లావుగా, కండపట్టి, పెళుసుగా ఉంటాయి. మట్టిలోకి లోతుగా దిగకుండా పై పొరలోనే పక్కలకు పాకుతాయి. సన్నని పీచు వేళ్లు తక్కువ. వేరు విరిగితే ఆ చోట కొత్తది రావడానికి చాలా కాలం పడుతుంది, ఒక్కోసారి రానేరాదు. మందారం లాంటి మొక్కను తవ్వి ఇంకోచోట పెట్టినా పది రోజుల్లో తేరుకుంటుంది. మాగ్నోలియాను అలా చేస్తే రెండు మూడేళ్లు ముడుచుకుపోయి కూర్చుంటుంది. అందుకని చోటు, రకం, నాటే పద్ధతి ముందే బాగా ఆలోచించుకోవాలి. ఒకసారి నాటాక చేయాల్సింది చాలా తక్కువ, చేయకూడనివే ఎక్కువ.

రకం ఎంచుకోవడం

మీరుండే చోట చలికాలం ఎలా ఉంటుందో చూసుకోండి. మాగ్నోలియాల్లో ఆకు రాల్చేవి, ఏడాదంతా పచ్చగా ఉండేవి అని రెండు రకాలున్నాయి. ఆకు రాల్చేవాటికి చలికాలంలో కొన్ని వారాలు గట్టి చలి తగలాలి. తగలకపోతే మొగ్గ సరిగా మేలుకోదు, చిగురు కూడా అస్తవ్యస్తంగా వస్తుంది. ఫొటోలో గులాబీ రంగు పూలు చూసి మనసు పారేసుకుని, చలి పెద్దగా లేని ఊళ్లో అలాంటి మొక్క నాటితే ఎంత సేవ చేసినా నిరాశే మిగులుతుంది. ఇది నీళ్లతోనో ఎరువుతోనో సరిదిద్దగలిగే లోపం కాదు.

చలి బాగా ఉండే ప్రాంతాలకు నక్షత్ర మాగ్నోలియాను మించింది లేదని నా అభిప్రాయం. దీని శాస్త్రీయ నామం మాగ్నోలియా స్టెలాటా, పుట్టిల్లు జపాన్. పువ్వుకు 12 నుంచి 30 దాకా సన్నని తెల్లని రెక్కలు ఉంటాయి. నెమ్మదిగా పెరుగుతూ రెండున్నర, మూడు మీటర్ల దగ్గర ఆగుతుంది. మైనస్ 25 డిగ్రీల చలిని కూడా తట్టుకుంటుంది. అన్నిటికన్నా మంచి గుణం, చిన్న వయసులోనే పూతకు రావడం. ఇందులో ‘రాయల్ స్టార్’ అనే రకం బాగా దొరుకుతుంది.

రంగు కావాలంటే ‘ఆన్’, ‘బెట్టీ’, ‘జేన్’, ‘సుసాన్’ లాంటి పేర్లున్న సంకర రకాలు చూడండి. 1950ల మధ్యలో అమెరికాలోని నేషనల్ ఆర్బొరేటం అనే వృక్ష పరిశోధన తోటలో ఫ్రాన్సిస్ డి వోస్, విలియం కోసర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు నక్షత్ర మాగ్నోలియాను, ఊదా పూల మాగ్నోలియా లిలిఫ్లోరాను సంకరం చేసి ఇలాంటివి ఎనిమిది రకాలు తయారుచేశారు. అన్నిటికీ ఆడపిల్లల పేర్లే పెట్టారు. వీటి ఉద్దేశం అందమొక్కటే కాదు. నక్షత్ర మాగ్నోలియా తొందరపడి పూసి, చలికాలం చివర్లో పడే మంచుకు పూలు మాడ్చుకుంటుంది. ఈ సంకర రకాలు దానికన్నా కాస్త ఆలస్యంగా పూసి ఆ గండం చాలావరకు తప్పించుకుంటాయి.

అందరికీ తెలిసిన గిన్నె ఆకారపు గులాబీ, తెలుపు పూల మాగ్నోలియా సౌలాంజియానా. 1820లో పారిస్ దగ్గర ఎటియెన్ సులాంజ్ బోడిన్ తోటలో పుట్టిన సంకరం ఇది. చాలా బాగుంటుంది కానీ పొదగా మొదలై చిన్న చెట్టవుతుంది. అయిదారు మీటర్ల వెడల్పు ఇవ్వగలిగితేనే పెట్టండి.

చలి తక్కువగా, వేడి ఎక్కువగా ఉండే చోట మాగ్నోలియా ఫిగో పెట్టుకోండి. చైనాకు చెందిన ఈ పొద ఏడాదంతా పచ్చగా ఉంటుంది. పూలు చిన్నవి, మీగడ రంగులో, అంచుకు సన్నని ఊదా గీతతో ఉంటాయి. వాసన మాత్రం అచ్చం బాగా మగ్గిన అరటిపండుదే. పండ్ల వాసన కదా అని మనోరంజితంతో కలగలపకండి. అది సీతాఫలం కుటుంబానికి చెందిన వేరే మొక్క. ఇంకా చిన్నది కావాలంటే మాగ్నోలియా కోకో ఉంది. గుండ్రటి తెల్లని పూలు వేలాడుతూ పూస్తాయి, రాత్రిపూట ఘాటుగా పరిమళిస్తాయి. దీనికి గడ్డకట్టే చలి అసలు పడదు, కొంచెం నీడ ఇష్టం.

నర్సరీలో ఏం చూడాలి

పెద్ద మొక్క కొంటే త్వరగా పూలొస్తాయని అనిపిస్తుంది. మాగ్నోలియా విషయంలో ఆ లెక్క చాలాసార్లు తప్పుతుంది. పెద్ద మొక్క వేళ్లు కుండీలో ఇరుక్కుని ఉంటాయి కాబట్టి నేలలో కుదురుకోవడానికి ఏళ్లు తీసుకుంటుంది. అరమీటరు నుంచి మీటరు ఎత్తున్న లేత మొక్క పెట్టండి, కొన్నాళ్లకు పెద్దదాన్ని దాటిపోతుంది.

అంటు మొక్కో, కొమ్మ నాటి పెంచిందో, గింజ మొక్కో అడిగి తెలుసుకోండి. అంటు మొక్కలు, కొమ్మ మొక్కలు రెండు మూడేళ్లలో పూస్తాయి, ఇప్పటికే మొగ్గలతో ఉన్నవీ దొరుకుతాయి. గింజ మొక్క అయితే రకాన్ని బట్టి పదేళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు. ఒప్పుకుంటే కుండీని మెల్లగా పక్కకు వంచి అడుగు చూడండి. కింది రంధ్రాల్లోంచి లావాటి వేళ్లు బయటికొచ్చి చుట్టలు తిరిగి ఉంటే ఆ మొక్క వద్దు. కాండం మొదట్లో బెరడు చిట్లి ఉన్నా, ఆకుల మీద ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపు పచ్చగా ఉన్నా వదిలేయండి.

చోటు

రోజుకు కనీసం అయిదారు గంటల ఎండ తగిలే చోటు కావాలి. మరీ నీడలో పెడితే మొక్క బతుకుతుంది, పూలు తగ్గిపోతాయి. వేసవి తీవ్రంగా ఉండే ప్రాంతాల్లో పొద్దుటి ఎండ, మధ్యాహ్నం తర్వాత పలచటి నీడ ఉంటే ఆకుల అంచులు మాడవు.

మంచు గడ్డకట్టే ప్రాంతాల్లో దీనికి భిన్నంగా ఆలోచించాలి. రాత్రి గడ్డకట్టిన మొగ్గ మీద తెల్లవారగానే సూటిగా ఎండ పడితే ఒక్కసారిగా కరిగి, లోపలి కణాలు చితికి, రెక్కలు గోధుమ రంగుకు తిరుగుతాయి. అదే నెమ్మదిగా కరిగితే కొంత తట్టుకుంటుంది. కాబట్టి తూర్పు ఎండ నేరుగా తగిలే చోటు వద్దు. బాగా వేడెక్కే గోడ పక్కన కూడా పెట్టొద్దు. ఆ వేడికి మొగ్గలు ముందే మేలుకుని తర్వాత వచ్చే మంచుకు దొరికిపోతాయి. పల్లంగా ఉన్న చోటూ పనికిరాదు, చల్లగాలి బరువుకు కిందికి దిగి అక్కడే నిలుస్తుంది. గాలి హోరు తగలని చోటు చూసుకోండి, ఈ పూల రెక్కలు గాలికి ఇట్టే నలుగుతాయి.

నీళ్లు నిలుస్తాయో లేదో కూడా పరీక్షించండి. ఒక అడుగు లోతు గుంత తీసి నిండా నీళ్లు పోయండి. ఇంకిపోయాక మళ్లీ నింపండి. రెండోసారి పోసినవి నాలుగైదు గంటల్లో ఇంకిపోతే చోటు మంచిదే. మర్నాటికీ నీళ్లుంటే వేరే చోటు వెతకండి, లేదా అడుగున్నర ఎత్తు మట్టి దిబ్బ పోసి దాని మీద నాటండి.

ఇక వెడల్పు. మీ చేతిలో ఉన్న మొక్కను కాకుండా పదిహేనేళ్ల తర్వాతి పొదను ఊహించుకోండి. నక్షత్ర మాగ్నోలియా, ఫిగో మూడు మీటర్ల వెడల్పు దాకా పరుచుకుంటాయి. గోడకు, కాలిబాటకు కనీసం రెండు మీటర్ల దూరం వదలండి. తర్వాత మార్చుకోవచ్చులే అనే మాట ఈ మొక్కకు చెల్లదు. ఫిగో అయితే సాయంత్రాలు కూర్చునే అరుగు పక్కనో, కిటికీ దగ్గరో పెట్టుకుంటే వాసన ఇంట్లోకి వస్తుంది.

మట్టి

కొంచెం పులుపు గుణం ఉన్న, తేమ పట్టి ఉంచే, నీళ్లు నిలవని మట్టి కావాలి. మట్టి పులుపును చూపే పీహెచ్ అంకె 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే ఉత్తమం, 7 వరకూ సర్దుకుంటుంది. పరీక్ష కిట్ తెచ్చి ఒకసారి చూసుకోవడం మంచిది. సున్నం ఎక్కువున్న నేలలో మొక్కకు ఇనుము అందదు, ఆకులు పసుపు రంగుకు తిరిగి ఈనెలు మాత్రమే పచ్చగా మిగులుతాయి. గంధకం పొడి కలిపి పీహెచ్ దించవచ్చు కానీ నెలల తరబడి పట్టే పని, పైగా అడుగు మట్టి నుంచి సున్నం మళ్లీ పైకి వస్తూనే ఉంటుంది. అలాంటి నేల ఉన్నవాళ్లు కుండీలో పెంచుకోవడమే మేలు.

బంకమట్టి అయితే గుంతలో ఇసుక కలపకండి. చుట్టూ బంకమట్టి, మధ్యలో ఇసుక ఉంటే నీళ్లన్నీ ఆ గుంతలోకే చేరి వేళ్లు కుళ్లుతాయి. దానికి బదులు నాటే చోటు చుట్టూ వీలైనంత వెడల్పున పై మట్టిలో మాగిన ఆకు ఎరువు, కంపోస్టు కలిపి, నేల మట్టం కన్నా కొంచెం ఎత్తుగా నాటండి.

నాటడం

చలి ప్రాంతాల్లో గట్టి మంచు పోయాక వసంతంలో నాటండి. విరిగిన వేళ్లు చలి నేలలో కుళ్లిపోతాయి, వెచ్చబడుతున్న నేలలో మానుతాయి. వేడి ప్రాంతాల్లో వానలు మొదలయ్యే సమయం మంచిది. సాయంత్రం పూట, లేదా మబ్బు పట్టిన రోజు పని పెట్టుకోండి.

ముందు మొక్కను కుండీతో సహా ఒక గంట నీళ్ల తొట్టిలో ఉంచండి. మట్టి గడ్డ లోపలి దాకా తడవాలి. ఎండిన గడ్డను నేలలో పెట్టాక పైనుంచి ఎన్ని నీళ్లు పోసినా పక్కలనుంచి జారిపోతాయి.

గుంత వెడల్పు మట్టి గడ్డకు రెండు మూడింతలు ఉండాలి. లోతు మాత్రం గడ్డ ఎత్తుకు మించకూడదు. చాలామంది లోతుగా తవ్వి కింద మెత్తటి మట్టి, ఎరువు నింపుతారు. నాలుగు వానలకు ఆ మట్టి కుంగి, మొక్క కూడా దానితో పాటు దిగిపోయి, కాండం మొదలు మట్టిలో కూరుకుపోతుంది. మాగ్నోలియా చావుకు ఇది పెద్ద కారణం. గుంత అడుగు గట్టిగానే ఉండనివ్వండి, పక్కలను మాత్రం గునపంతో గుచ్చి వదులు చేయండి.

మొక్కను బయటికి తీసేటప్పుడు కాండం పట్టుకుని లాగకండి. కవరైతే చీరేయండి, ప్లాస్టిక్ కుండీ అయితే పక్కకు పడుకోబెట్టి చుట్టూ తట్టి జార్చండి, అవసరమైతే కుండీనే కోసేయండి. చుట్టలు తిరిగిన వేళ్లు ఒకటి రెండు కనిపిస్తే వేలితో మెల్లగా విడదీసి బయటి వైపుకు పరచండి. వంగనంటున్న దాన్ని బలవంతంగా వంచకుండా పదునైన కత్తెరతో అక్కడికి కత్తిరించండి. వేళ్లన్నీ చిక్కు తీసి దులపాలనే ఆలోచన వద్దు.

ఇప్పుడు కాండం మొదలు చూడండి. కాండం కింద కొంచెం వెడల్పై వేళ్లుగా విడిపోయే చోటు ఒకటుంటుంది. అది కచ్చితంగా నేల మట్టానికి, లేదా దానికన్నా వేలెడు పైన ఉండాలి. నర్సరీ వాళ్లు పైన మట్టి ఎక్కువ పోసి ఉంటే ఆ చోటు కనిపించేదాకా వేళ్లతో తీసేయండి. గుంత మీద ఒక కర్ర అడ్డంగా పెట్టి చూస్తే మట్టం తెలుస్తుంది.

తవ్విన మట్టినే మళ్లీ నింపండి. సగం నిండాక నీళ్లు పోసి ఇంకనివ్వండి, గాలి ఖాళీలు వాటంతట అవే పూడుకుంటాయి. మిగతాది నింపి చేత్తో అదమండి. కాలితో తొక్కొద్దు, పై పొరలోని వేళ్లు విరుగుతాయి. చుట్టూ పాదు కట్టి పది పదిహేను లీటర్ల నీళ్లు నెమ్మదిగా పోయండి. గాలి ఎక్కువున్న చోట ఊతకర్ర కావాలంటే, మట్టి గడ్డలోకి గుచ్చకుండా దాని బయట పాతి, గుడ్డ పేలికతో వదులుగా కట్టండి. ఏడాది కాగానే తీసేయండి.

నాటాక మొదటి రెండేళ్లు

ఈ రెండేళ్లే కీలకం. వానలు లేనప్పుడు వారానికి ఒకటి రెండుసార్లు లోతుగా తడపండి. రోజూ చెంబుడు పోయడం కన్నా ఇదే మంచిది. పోసే ముందు మట్టిలోకి వేలు గుచ్చండి. రెండు అంగుళాల లోతున పొడిగా ఉంటేనే నీళ్లు. నీళ్లలో సున్నం, ఉప్పు ఎక్కువుంటే వాన నీళ్లు పట్టి ఉంచుకుని వాడండి. మొక్క కుదురుకున్నాక కూడా పూత అయిపోయినప్పటి నుంచి వేసవి చివరిదాకా నేల పూర్తిగా ఎండనివ్వకూడదు, ఎందుకంటే వచ్చే ఏటి మొగ్గలు ఆ నెలల్లోనే తయారవుతాయి.

మొదలు చుట్టూ మల్చ్ పరవండి. ఎండు ఆకులు, బెరడు ముక్కలు, సగం మాగిన కంపోస్టు ఏదైనా సరే. మందం 5 నుంచి 8 సెంటీమీటర్లు, వెడల్పు కొమ్మలు పరుచుకున్నంత మేర. కాండానికి మాత్రం తగలకూడదు, చుట్టూ బెత్తెడు ఖాళీ వదలండి. ఈ మొక్కకు మల్చ్ చేసే మేలు ఇంకేదీ చేయదు. పై వేళ్లకు చల్లదనం, తేమ ఇస్తుంది, కలుపు రానివ్వదు. కలుపు లేకపోతే పారతో మొదట్లో గీకే పనే ఉండదు.

వచ్చిన కలుపును చేత్తో పీకండి. కింద పూలమడి వేయాలనుకుంటే మాగ్నోలియా నాటిన రోజే చిన్న దుంప మొక్కలు పెట్టేసి ఇక వదిలేయండి. ఏటేటా అక్కడ తవ్వి సీజన్ పూలు మార్చే అలవాటు దీని కింద వద్దు. గడ్డి కూడా మొదలు దాకా రానివ్వకండి, నీళ్లూ ఎరువూ అదే తాగేస్తుంది.

ఎరువు

మొదటి ఏడాది ఏమీ వేయకండి. తర్వాత ఏటా కొత్త చిగురు వచ్చే ముందు మల్చ్ కింద రెండు మూడు దోసిళ్ల బాగా మాగిన కంపోస్టు చాలు. రసాయన ఎరువు వాడాల్సివస్తే నెమ్మదిగా కరిగేది, తక్కువ మోతాదులో వేయండి. నత్రజని ఎక్కువైతే ఆకులు పెద్దవై పూలు తగ్గుతాయి.

మొగ్గలను గుర్తుపట్టడం, మంచు నుంచి కాపాడటం

ఆకు రాలిన తర్వాత ఒక కొమ్మను దగ్గరగా పట్టుకుని చూడండి. కొమ్మ చివర బొద్దుగా, బూడిద రంగు నూగుతో మెత్తగా కప్పి ఉన్నది పూమొగ్గ. పక్కన సన్నగా, మొనదేలి, కొమ్మకు అంటుకుని ఉన్నవి ఆకు మొగ్గలు. వచ్చే పూత ఎంతో అప్పుడే లెక్కపెట్టుకోవచ్చు. వెచ్చదనం మొదలయ్యాక ఆ నూగు తొడుగు ఒక పక్క చీలి, లోపలి రెక్కల రంగు గీతలా కనిపిస్తుంది. ఉత్తరార్ధగోళంలో ఉన్నవాళ్లు ఇంకో విషయం గమనించవచ్చు. ఉబ్బుతున్న మొగ్గల కొనలు ఉత్తరం వైపుకు వంగుతాయి. దక్షిణం పక్కన ఎండ ఎక్కువ తగిలి అటువైపు త్వరగా పెరగడమే దానికి కారణం.

నూగు తొడుగు మూసి ఉన్నంతసేపు మంచు గురించి టెన్షన్ అక్కర్లేదు. చీలి రంగు కనిపించాక మంచు పడే సూచన ఉంటే సాయంత్రమే పాత దుప్పటో, పలచటి గుడ్డో పొద మీద వదులుగా కప్పి పొద్దున తీసేయండి. ప్లాస్టిక్ పట్టా వద్దు, తగిలిన చోటల్లా మొగ్గ మాడుతుంది. ఒకవేళ పూలు మాడిపోయినా మొక్కకు హాని లేదు, ఆకులు మామూలుగానే వస్తాయి.

కత్తిరింపులు

పొద మాగ్నోలియాకు సహజంగానే మంచి ఆకారం ఉంటుంది. కత్తెర ఎంత తక్కువ పెడితే అంత మంచిది. దీని గాయాలు నెమ్మదిగా మానతాయి, పెద్ద కొమ్మ కోస్తే ఆ చోట నిటారుగా నీటి కొమ్మలు గుంపుగా లేచి పొద అందం చెడుతుంది.

ఎండినవి, విరిగినవి, ఒకదానికొకటి రాసుకునేవి మాత్రం తీయాలి. ఆకు రాల్చే రకాలను చలికాలంలోనూ, చిగురుకు ముందూ ముట్టుకోకండి. అప్పుడు కోస్తే రసం కారుతుంది, పైగా కోసే ప్రతి కొమ్మతో పూమొగ్గలు పోతాయి. పూత అయిపోయాక ఆకులు విచ్చుకుని వేసవి మధ్యకు చేరేలోపు కోయండి. ఫిగోను పూత అవగానే కొద్దికొద్దిగా దిద్దవచ్చు, అది కత్తిరింపును బాగానే తట్టుకుంటుంది. ఏ రకమైనా ఒక ఏడాదిలో పావు వంతుకు మించి తీయొద్దు. అంటు కట్టిన చోటు కింద నుంచి పిలకలు లేస్తే అవి వేరుమూలానివి, అంటే అంటు కట్టడానికి కింద వాడిన మొక్కవి. చిన్నగా ఉన్నప్పుడే మొదలంటా తీసేయకపోతే మీరు కొన్న రకాన్ని అవి మింగేస్తాయి.

పూలు రాకపోతే

ముందు వయసు చూడండి. నాటి మూడేళ్లు కాకపోతే ఓపిక పట్టడమే. వయసు వచ్చినా పూయకపోతే నేను అడిగే ప్రశ్నలు ఇవి. పక్క చెట్టు పెరిగి నీడ కమ్మిందా? గడ్డికి వేసిన నత్రజని ఎరువు దీనికీ అందుతోందా? ఎవరైనా వేసవి చివర్లోనో చలికాలంలోనో కొమ్మలు కోశారా? కిందటి వేసవిలో నేల ఎండిపోయిందా? మొగ్గలు కట్టి కూడా విచ్చుకోకుండా గోధుమ రంగులో రాలిపోతే అది మంచు దెబ్బ, లేదా ఎండి తడవడంలో తేడా. ఈ జవాబులన్నీ సరిగానే ఉండి, ఆకు రాల్చే రకాన్ని చలి లేని చోట పెట్టి ఉంటే కారణం అదే.

ఏడాదంతా పచ్చగా ఉండే రకాల్లో కొత్త చిగురు వచ్చే సమయంలో పాత ఆకులు కొన్ని పసుపుబారి రాలతాయి. అది జబ్బు కాదు.

పురుగులు, తెగుళ్లు

ఆరోగ్యంగా కుదురుకున్న మాగ్నోలియాకు పెద్దగా చీడ పట్టదు. ఎక్కువగా ఇబ్బంది పెట్టేది పొలుసు పురుగు. లేత కొమ్మల మీద గోధుమ రంగు బొడిపెలు వరసగా అతుక్కుని ఉంటాయి, కదలవు. ఆకులు జిగటగా మారి, వాటి మీద నల్లటి మసి పడుతుంది, చీమలు పైకీ కిందికీ తిరుగుతుంటాయి. చీమలు కనిపించినప్పుడే కొమ్మలు వెతకండి. కొద్దిగా ఉంటే సబ్బు నీళ్లలో ముంచిన పాత బ్రష్‌తో రుద్ది తీసేయవచ్చు. ఎక్కువుంటే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేప నూనె, కొన్ని చుక్కల ద్రవ సబ్బు కలిపి, సాయంత్రం పూట వారం పది రోజుల తేడాతో రెండు మూడుసార్లు కొమ్మలన్నీ తడిసేలా కొట్టండి. పిల్ల పురుగులు కదిలే దశలో ఉన్నప్పుడే మందు బాగా పనిచేస్తుంది.

పూలు విచ్చుకున్నప్పుడు మాత్రం ఏ మందూ కొట్టకండి. మాగ్నోలియా చాలా పాత వంశం, దీని పూలలో పుప్పొడి మోసే పని ప్రధానంగా చిన్న పెంకు పురుగులే చేస్తాయి. పువ్వు మధ్యలో నిలబడ్డ పచ్చటి కంకి లాంటి భాగం అంత గట్టిగా ఉండేది వాటి నములుడుకు తట్టుకోవడానికేనని చెబుతారు. పువ్వులో పెంకు పురుగు కనిపిస్తే అది అతిథి, చంపాల్సిన శత్రువు కాదు.

ఆకుల మీద తెల్ల బూడిద, నల్ల మచ్చలు వస్తే రాలిన ఆకులు ఏరి పారేసి, గాలి ఆడేలా చూస్తే చాలావరకు సరిపోతుంది. నీళ్లు సాయంత్రాలు ఆకుల మీద పోయకుండా మొదట్లో పోయండి.

కుండీలో పెంచాలంటే

స్టెలాటా, ఫిగో, కోకో కుండీకి ఒదుగుతాయి. చివరికి 45 నుంచి 50 సెంటీమీటర్ల వెడల్పు కుండీ కావాలి. లోతు కన్నా వెడల్పు ముఖ్యం. పులుపు నేల ఇష్టపడే మొక్కలకు అమ్మే మిశ్రమం, లేదా తోటమట్టి, కంపోస్టు, కొబ్బరి పొట్టు సమానంగా కలిపింది వాడండి. వేసవిలో రోజూ చూసుకోవాలి, ఒక్కసారి పూర్తిగా ఎండినా మొగ్గలు రాలతాయి. రెండు మూడేళ్లకొకసారి మాత్రమే ఒక సైజు పెద్ద కుండీకి, గడ్డ చెదరకుండా మార్చండి. మధ్య ఏళ్లలో పైన రెండు అంగుళాల మట్టి జాగ్రత్తగా తీసి కొత్త కంపోస్టు వేస్తే చాలు.

ఇంకో మొక్క తయారుచేసుకోవడం

ఇంట్లో చేసుకోవడానికి నమ్మకమైన పద్ధతి నేల అంటు, అంటే కొమ్మను చెట్టు మీద ఉండగానే నేలలోకి వంచి వేళ్లు పట్టించడం. వసంతంలో, నేలకు దగ్గరగా ఉన్న పెన్సిల్ లావు కొమ్మను ఎంచుకోండి. మెల్లగా వంచి, నేలకు తగిలే చోట కింది వైపు రెండు అంగుళాల పొడవున ఏటవాలుగా మూడో వంతు లోతు కోయండి. కోసిన చోట వేళ్ల హార్మోన్ పొడి అద్ది, గాటు మూసుకోకుండా చిన్న పుల్ల ముక్క పెట్టండి. అరచేయి లోతు కాలువ తీసి, కొమ్మను అందులో వంచి, వంకీ తీగతో బిగించి, కంపోస్టు కలిపిన మట్టి కప్పండి. కొన పైకి నిలబడేలా కర్రకు కట్టి, పైన రాయి పెట్టండి. మట్టి ఎప్పుడూ తేమగా ఉండాలి.

విత్తనాలతో కావాలంటే, కాయ పగిలి ఎర్రటి గింజలు బయటపడగానే తీసుకోండి. ఎండనిస్తే చచ్చిపోతాయి. నానబెట్టి ఎర్రటి గుజ్జు రుద్ది కడిగేసి, తడి కొబ్బరి పొట్టులో కలిపి ఫ్రిజ్‌లో మూడు నెలలు ఉంచి, అప్పుడు విత్తండి. సంకర రకాల గింజ మొక్క తల్లిలాగే పూస్తుందనే నమ్మకం లేదు, అందుకే నా ఓటు నేల అంటుకే.

నేల అంటుకు వేళ్లు పట్టడానికి ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది. కొనను కొంచెం లాగితే బిగువుగా ఆగుతుంటే వేళ్లు దిగినట్టే. అప్పుడు తల్లి వైపు కొమ్మను కోసేయండి కానీ మొక్కను వెంటనే పైకి తీయకండి. తన వేళ్ల మీద తాను బతకడం అలవాటయ్యేలా అక్కడే ఒక కాలం ఉండనిచ్చి, వచ్చే వసంతంలో చుట్టూ వెడల్పుగా మట్టితో సహా ఎత్తి, ముందుగా సిద్ధం చేసుకున్న చోట పెట్టండి.